సవరణ వద్దు

“సిస్టర్, నేను డ్వైట్ కోవార్‌ని. మీ పత్రికలో పోయినవాళ్ళ కింద నా పేరు వేశారు. నేనింకా బతికే ఉన్నాను.”

సిస్టర్ మార్సెల్లా ఫోన్ చెవికి ఆనించుకునే బల్ల మీది పత్రిక తెరిచి చూసింది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న కాథలిక్ కాలేజీ పత్రికలో పూర్వ విద్యార్థుల కబుర్లు రాసేది ఆమే. అదే ఇంటిపేరున్న మరొకరు పోతే, తన దగ్గర లాటిన్ చదువుకున్న డ్వైట్ పేరు రాసేసింది.

“నా మతి మండ! క్షమించు నాయనా. వచ్చే సంచికలో సవరణ వేస్తాను.”

“వద్దు సిస్టర్. అది వచ్చేది జూన్‌లో కదా? డాక్టర్లు నాకు ఏప్రిల్‌లో ఈస్టర్ దాకానే గడువన్నారు. ఒకసారి వేశారుగా, చాలు.”



“ఇన్నేళ్ళూ ఒక్క కబురైనా పంపలేదేం, డ్వైట్?”

“ఏముందని పంపను? పెళ్ళి నిలవలేదు, పొలం నిలవలేదు. మీ పత్రికలో వేసేవా అవి?”

“పత్రిక సంగతి వదిలెయ్. కాఫీ పెట్టు, వస్తున్నాను. అవన్నీ నాకు చెబుదువుగాని.”



“పెరటి తలుపు వైపు రండి సిస్టర్,” అన్నాడు డ్వైట్. “ముందు వైపు మెట్ల మీద మంచు తియ్యలేకపోతున్నాను.”