చలికాలంలో ఫ్యాను

హేమలత ఇంట్లో జనవరి చలిలో కూడా ఫ్యాను ఆగదు.

ఎందుకో సిరిసిల్ల మరమగ్గాల వాడంతటికీ తెలుసు. నిరుడు భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చారు. రొమ్ము క్యాన్సరట. ఆపరేషన్ అయిందట. అది మళ్లీ రాకుండా ఐదేళ్లపాటు రోజూ ఒక హార్మోన్ గోలీ మింగాలట. ఊళ్లో మందుల షాపువాళ్లకు నోరు ఆగదని, హేమలత జగిత్యాల దాకా వెళ్లి ఆ గోలీలు తెస్తుంది.

గోలీ ప్రాణం కాపాడుతుంది కానీ మనిషిని ఉడకబెడుతుంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. కీళ్ల నొప్పులు. కారణం లేని కోపం, దాని వెనకే ఏడుపు. మానేస్తే పోలా అన్న మాట ఆ ఇంట్లో అప్పుడప్పుడు లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

దాంతో వాడలో ఆడవాళ్లంతా డాక్టర్లైపోయారు. ఒకామె సబ్జా గింజలు పంపితే, ఇంకొకామె చెంబెడు మజ్జిగ పంపింది. పక్కింటి ఐలవ్వ పొద్దున్నే వచ్చి పరామర్శించింది.

"ఉడుకులు తగ్గినయా బిడ్డా?"

"యాడ తగ్గుతయ్ అవ్వా! ఫ్యాన్ బంద్ జేస్తే ఇంట్ల లొల్లే."

"మరి గీ దుప్పటెందుకు కప్పుకున్నవ్?"

"గా గాలికి సలి వెడతాంది."

"ఉడుకంటవ్, సలంటవ్! గోలీ తలకాయకు ఎక్కిందా ఏంది?"

హేమలత నవ్వేసింది.

ఆమె భర్త రాజలింగం తలకు మాత్రం ఉద్యమం ఎక్కింది. తెలంగాణ ఇస్తామని చెప్పి ఢిల్లీ వెనక్కి తగ్గిన రోజులవి. చౌరస్తాలో దీక్షా శిబిరం. అతను నినాదం ఇస్తే టెంటు అదిరేది. పాట వింటే కళ్లు తుడుచుకునేవాడు, పోలీసు కనిపిస్తే మండిపడేవాడు. ఇన్నేళ్లూ మరమగ్గాల చప్పుడులో మాట వినపడని మనిషి. ఇప్పుడు ఊరంతా "అన్నా" అని పిలుస్తోంది. ఆ పిలుపంటే అతనికి ప్రాణం.

అలాంటివాడికి అర్ధనగ్న ప్రదర్శన అనగానే నోరు పడిపోయింది. ఆ రోజు మగవాళ్లంతా చొక్కాలు విప్పి చౌరస్తాలో వరస కట్టారు. చలికి గజగజ వణుకుతూ నిలబడ్డారు. రాజలింగం ఒక్కడే మెడ దాకా గుండీలు పెట్టుకుని, గులాబీ కండువా కప్పుకుని ఉన్నాడు.

"ఏందన్నా, కొత్త పెండ్లిపిల్ల లెక్క ముసుగేసినవ్?" అన్నాడు శిబిరం నడిపే మహేశ్. "లోపట బనీన్ చినిగిందా?"

"బొర్ర కనవడుతదని సిగ్గేమో!" అన్నారు వెనకనుంచి.

"పానం బాగలేదు తమ్మీ," అన్నాడు రాజలింగం.

అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోంచే ఒక గొంతు లేచింది. "నినాదాలకు ముందుంటడు, చొక్కా ఇప్పుమంటే ఎన్కకు పోతడు. ఉత్త మాటల మనిషి!"

రాజలింగం ముఖం మాడిపోయింది. రోడ్డు పక్కన హేమలతతో, మిగతా ఆడవాళ్లతో నిలబడ్డ ఐలవ్వకు ఒళ్లు మండింది.

"ఊకోండ్రిరా! పెండ్లాం రొమ్ము కోపిచ్చుకోని ఇంట్ల ఉడికి సస్తాంటే, గాయన మనసు మనసుల ఉంటదా?"

మగవాళ్లంతా ఒక్కసారి హేమలత వైపు చూశారు. చూడకూడని చోటే చూశారు. ఆమె ఎప్పట్లాగే కొంగు నిండా కప్పుకుని తల దించుకుంది.

మహేశ్ తగ్గాడు. "తప్పయింది అన్నా. వదినను తీస్కొని ఇంటికి వో."

రాజలింగం భార్యను చూశాడు. కండువా తీసి ఆమె చేతికిచ్చాడు. గబగబా గుండీలు విప్పి చొక్కా తీసేశాడు.

ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట, చంక దాకా సాగిన కుట్ల మచ్చ తప్ప అతనికి ఇంకేమీ లేదు.