అరువు ఉమ్మి

“నన్ను చంపినా సరే, ఆ కెమెరా గొట్టం మాత్రం పెట్టించుకోను!” అంటూ లుబోమీర్ గూలాష్ కూర గిన్నె పక్కకి నెట్టేశాడు.

“కెమెరా అందరికీ కాదు మహానుభావా. ముందు ఉమ్మి పరీక్ష,” అంది భార్య యార్మిలా. ఆస్పత్రి వాళ్లిచ్చిన రెండు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది, ఒకటి తనకి, ఒకటి అతనికి. “పెద్దపేగు క్యాన్సర్ మన చెక్ దేశం వాళ్లలో ఎక్కువట. అందుకని ఒకే వంట తినే మొగుడూ పెళ్లాల్ని పరీక్షిస్తున్నారు. ఒంట్లో ప్రోటీన్ తయారు చెయ్యని ఆర్‌ఎన్‌ఏ ముక్కేదో ఉందట. దాని జన్యువులో ఒక్క అక్షరం మారితే ముప్పు కాస్త ఎక్కువట. అలాంటివాళ్లకే కెమెరా.”

“ఏమీ తయారు చెయ్యని ముక్కకి ఇంత రాద్ధాంతమా?”

“ఏమీ చెయ్యనివాళ్లేగా ఇంట్లో పెత్తనం చేసేది!” అని ఆమె తన సీసాలో ఉమ్మి, మూత బిగించి లేచిపోయింది.

లుబోమీర్‌కి దడ పట్టుకుంది. ఆ జబ్బుతోనే వాళ్లన్నకి పేగు కోశారు. ఆ పాడు అక్షరం తనలోనూ ఉండి తీరుతుందని అతని భయం. సీసా జేబులో వేసుకుని పక్కింటి ద్రాక్షతోటలోకి పరిగెత్తాడు. తోట యజమాని హినెక్‌కి ఎనభై దాటినా జలుబంటే ఏమిటో తెలియదు.

“బాబాయ్, ఇందులో ఉమ్మాలి. కానీ ఉమ్మే ముందు అరగంట ఏమీ తాగకూడదు.”

“అరగంటా! చర్చిలో కూడా అంతసేపు ఆగలేదురా,” అని ముసలాయన గొణిగాడు. పాపం, ఆగాడు. ఉమ్మాడు.

కొన్ని వారాల తర్వాత డాక్టర్ వ్లాస్తా ఫోన్ చేసింది.

“లుబోమీర్ గారూ, మీ సీసాలో ఆ అక్షరం లేదు.”

అతను గాల్లో తేలిపోయాడు.

“కానీ ఆ ఉమ్మి మీది కాదు,” అందామె నవ్వుతూ. “మా లెక్కలో రక్తసంబంధీకులు ఉండకూడదు. అందుకని అన్ని సీసాలనీ ఒకదానితో ఒకటి పోల్చి చూస్తాం. అది మీ ఆవిడ కన్నతండ్రిది. మీ మామగారి చేత ఉమ్మించారు కదూ, దొంగా?”

మామగారు పోయి ఏళ్లయింది. లుబోమీర్ కిటికీలోంచి చూశాడు. తోటలో యార్మిలా, హినెక్ ఇద్దరూ ఒకేలా తల వెనక్కి వాల్చి, పడీ పడీ నవ్వుతున్నారు.

“పోనీ ఫోన్ మీ ఆవిడకివ్వండి, ఆవిణ్ణే అడుగుతాను.”

“వద్దు డాక్టరమ్మా, ఆవిణ్ణేమీ అడక్కండి! రేపే వచ్చేస్తాను. మీ దగ్గరున్న గొట్టాల్లో అన్నింటికంటే పొడుగుదే పెట్టండి!”