కార్బురేటర్‌లో పెట్రోలు

పదకొండేళ్లుగా కదలని అంబాసిడర్‌ను తెల్లవారేసరికి నడిపిస్తానని మెకానిక్ భవానీప్రసాద్ మాటిచ్చాడు. మనవరాలి పెళ్లికి, పోయిన భర్త కారులోనే వెళ్లాలని చూడామణి గారి కోరిక. నందిగామ అవతల పొలాల మధ్యనున్న షెడ్డులో అతనొక్కడే ఉన్నాడు.

కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరిగింది గానీ అంటుకోలేదు. ట్యాంకులో తుప్పు తప్ప చుక్క పెట్రోలు లేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊదితే గాలి కూడా పోలేదు. చివరికి కార్బురేటర్ మూత తీశాడు. ఎండిపోయి ఉండాల్సిన గిన్నె నిండా పెట్రోలుంది. తాజా వాసన వస్తోంది.

షెడ్డు గుమ్మంలోకి వచ్చి చూడామణి గారికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ మధ్య కారుని ఎవరైనా ముట్టుకున్నారాండి?"

"ఎవరు ముట్టుకుంటారయ్యా? ఆయన పోయిన రోజు షెడ్డుకి తాళం వేశాం. మళ్లీ ఇవాళే తీశావు."

ఆమెకి ఫోన్లో ఏదో చప్పుడు వినిపించింది.

"అక్కడ ఆ టకటక ఏంటి బాబూ?"

అతనూ విన్నాడు. పెట్రోలు ఎక్కించడానికి చేత్తో కొట్టే పంపు మీట, బానెట్ కింద దానంతటదే ఆడుతోంది.

"ఆయన అట్లాగే కొట్టేవారు," అందామె. "నాలుగుసార్లు కొట్టి, వెళ్లి బండెక్కేవారు. నువ్వు బయటికొచ్చెయ్!"

చప్పుడు ఆగింది. అతను కారువైపు చూశాడు.

డ్రైవరు సీటు స్ప్రింగులు బరువుగా కిర్రుమన్నాయి.