సగం మంచం

మంచం ఇంకా వెచ్చగానే ఉంది.

మేస్త్రికి ఒళ్లు జలదరించింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో అప్పటిదాకా పడుకుని లేచిన చోట తను నడుం వాల్చాలి.

గదిని కళ్లతోనే కొలిచాడు. టైల్స్ పరిచేవాడి చూపు మరి. రెండడుగుల పలకలు పన్నెండు పడితే గది సరి. అందులో నాలుగు మంచం కిందికే పోతాయి.

అయినా వేరే దారి లేదు. ఫలానా గదిలో ఉంటున్నాడని పది రోజుల్లో కాగితం చూపించకపోతే కంపెనీ తిరుగు విమానం ఎక్కించేస్తుంది. ఇవాళ తొమ్మిదో రోజు. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి, భార్యనూ కూతుర్నీ బావమరిది పంచన దింపి వచ్చాడు. వెనక్కి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

పొద్దున అడిగితే వాచ్‌మన్ గదుల్లేవని ఖరాఖండిగా చెప్పేశాడు. మేస్త్రి ఆ బిల్డింగు మెట్ల మీదే బ్యాగు పక్కన కూలబడ్డాడు. సాయంత్రానికి ఆ వాచ్‌మనే వచ్చి భుజం తట్టాడు.

"సగం మంచం ఉంది. ఉంటావా?"

"సగం మంచమేంటన్నా?"

"రాత్రి నీది. పగలు ఇంకొకాయనది. చేపల కోల్డ్ స్టోరేజీలో ఆయనకి నైట్ డ్యూటీ."

పొద్దున లేని సగం మంచం సాయంత్రానికి ఎక్కణ్నుంచి వచ్చిందో మేస్త్రి అడగలేదు. కాగితం మర్నాడే చేతికొచ్చింది. అదే పదివేలనుకున్నాడు.

రెండో మనిషితో పరిచయం గుమ్మం దగ్గరే. ఇతను పనికి బయల్దేరే వేళకి అతను వచ్చేవాడు, ఇతను తిరిగొచ్చే వేళకి అతను బయల్దేరేవాడు. యాభై దాటిన మనిషి. చంకలో ఎప్పుడూ ఒక దుప్పటి మడత. మేస్త్రి మనసులోనే దుప్పటాయన అని పేరు పెట్టేశాడు.

మొదటిరోజు ఆయన గోడకేసి చూపించాడు.

"పైమేకు నీది. కిందది నాది. నన్ను బాబాయ్ అను, చాలు."

రోజుకు రెండు నిమిషాలు కనిపించే మనిషితో వరస కలపడమెందుకని మేస్త్రి అలా పిలవలేదు.

సాయంత్రం వచ్చేసరికి నేల తుడిచి ఉండేది. పొద్దున హడావిడిలో వదిలేసిన గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. ఇవన్నీ మేస్త్రి చూడలేదని కాదు. చూసి మర్చిపోయేవాడు.

ఒక సెలవు రోజు పదింటిదాకా పడుకుని తలుపు తీస్తే, మెట్ల మీద దుప్పటాయన గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

"లేపొచ్చుగా?" అన్నాడు మేస్త్రి, కాస్త విసుగ్గానే.

"వారానికి ఒక్క రోజేగా. పడుకుంటావని."

మేస్త్రికి అది దెప్పిపొడుపులా తోచింది. ఆ తర్వాత కూడా ప్రతి సెలవు రోజూ ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు. నన్ను సాధించడానికే ఈ వేషమంతా అనుకున్నాడు మేస్త్రి. పంతం కొద్దీ ఇంకో గంట ఎక్కువ పడుకున్నాడు.

మూడో నెలలో దుప్పటాయనకి దగ్గు మొదలైంది. మొదట పొడిగా, తర్వాత పేగులు కదిలిపోయేలా. దిండుకి ఎప్పుడూ జండూబామ్ లాంటి ఘాటు వాసన. పై నెలలో కంపెనీ డాక్టరు పరీక్షలున్నాయి. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చ కనిపించినా ఇంటికి పంపేస్తారు. ఆ దగ్గు తనకి అంటుకుంటే?

మేస్త్రి వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, ఆయన్ని మార్చమన్నాడు.

వాచ్‌మన్ అతన్ని తేరిపార చూశాడు. "ఆ మాట నువ్వే చెప్పు ఆయనకి."

"నా వల్ల కాదన్నా. పెద్దాయన. నువ్వే చెప్పు."

మర్నాటి సాయంత్రం గది ఖాళీగా ఉంది. నేల తుడిచి ఉంది. గ్లాసు బోర్లించి ఉంది. కింది మేకుకి దుప్పటి ఒక్కటే వేలాడుతోంది.

మేస్త్రి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పటికి బాగా కుదురుకున్నానని భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. పరీక్షల్లోనూ గట్టెక్కాడు. కాకపోతే పని నుంచి వచ్చి పడుకోబోతే మంచం చల్లగా తగిలేది. చలికాలం ముదిరింది. రెండుసార్లు ఆ దుప్పటి మీద చెయ్యి వేసి, పరాయి సొమ్మని వెనక్కి తీసుకున్నాడు.

నెల దాటినా పగటి మంచానికి ఎవరూ రాలేదు. ఒక సెలవు రోజు దుప్పటి మడతపెట్టుకుని కిందికి దిగాడు. దిగుతుంటే ఆయన కూర్చునే మెట్టు దగ్గర కాళ్లు కాస్త ఆగాయి.

"ఆయన దుప్పటి మర్చిపోయాడన్నా. ఎక్కడుంటున్నాడో చెబితే ఇచ్చొస్తాను."

"మర్చిపోలేదు. నీకు దుప్పటి లేదని ఉంచేశాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కిందటి వారం విమానం ఎక్కించేశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయట."

మేస్త్రి దుప్పటి మడత సరిచేసుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పగటి సగానికి కొత్తవాళ్లెవరూ రాలేదేమని అడిగాడు.

వాచ్‌మన్ అతని చేతిలోని దుప్పటిని చూశాడు.

"ఈ బిల్డింగులో సగం మంచాలు ఎప్పుడూ లేవు తమ్ముడూ. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. వెళ్లిపోయాడు గనక చెబుతున్నా. ఆరేళ్లుగా ఆ గది ఆయనొక్కడిదే. పగలు చేపల ప్యాకింగులో పని, రాత్రి హాయిగా నిద్ర. దగ్గన్నది ఎరగడు."

గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్వు మెట్ల మీద కూలబడ్డ రోజు, నీకు రాత్రి పడక దొరకాలని ఆయన డ్యూటీ మార్చమని అడిగాడు. రాత్రిపూట పని కోల్డ్ స్టోరేజీ మంచుగదిలోనే ఉందన్నారట, సరే అని ఆ రాత్రికే అందులోకి మారాడు."