స్టాంపు మీద ఏడుగురు

“ఈ ఫోటోలో ఉన్న ఏడుగురూ పోయారని రుజువు కావాలండి,” అన్నాడు స్టాంపుల విభాగం అధికారి.

కోడలు అత్తగారి వంక చూసింది. ఎనభై మూడేళ్ల మనిషి మూడంతస్తుల మెట్లెక్కి వచ్చింది ఈ మాట వినడానికా అనిపించింది.

“అందరూనా?” అన్నారు అత్తగారు.

“బతికున్నవాళ్ల బొమ్మ స్టాంపు మీద వేయకూడదు. ఏడుగురిలో ఒక్కరున్నా ఫైలు ఆగిపోతుంది.”

బాల సహాయ దళం పుట్టి ఆ ఏటికి డెబ్బై ఐదేళ్లు. ఆ గుర్తుగా ఒక స్టాంపు వేయించాలని అత్తగారి పంతం. దళం చిహ్నంతో పంపిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. చిహ్నాలు ఎవరికి లేవన్నారు. దాంతో ఆవిడ దళం ఆఫీసు బీరువా అంతా కిందికి దింపి ఈ ఫోటో పట్టుకొచ్చారు. వరదలో ఊరు మునిగినప్పుడు తలుపు చెక్కల్ని తెప్పగా కట్టుకుని ఇంటింటికీ ఉత్తరాలు చేరవేసిన తొలి జట్టు అది. తపాలా సంచి చుట్టూ ఏడుగురు పిల్లలు. చివరి పిల్ల మరీ పొట్టిది కావడంతో సంచి మీంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అది చూసి అధికారి కూడా మెత్తబడ్డాడు. మెత్తబడ్డాకే నియమాల పుస్తకం తెరిచాడు.

ఈసారి తప్పితే మళ్లీ వందో ఏటికే వేస్తారట. అప్పటిదాకా దళం ఉంటే కదా అన్నారు అత్తగారు, మెట్లు దిగుతూ. ఇప్పటికే పదకొండు మంది పిల్లలే మిగిలారు. నలుగురి కంట్లో పడితేనే పది మంది చేరతారని ఆవిడ లెక్క.

“మీరూ ఆ దళంలోనేగా అత్తయ్యా, ఫోటోలో లేరేం?”

“ఆ రోజు నాకు జ్వరమనుకో,” అంటూ ఆవిడ బస్సుకు చెయ్యెత్తారు.

మర్నాటి నుంచి ఇద్దరూ చావు కాగితాల వేటలో పడ్డారు. కోడలు చదివిన డిగ్రీ ఇన్నాళ్లకు అర్జీలు రాయడానికి అక్కరకొచ్చింది. ఒకాయన కొడుకు వీళ్లు చందాకొచ్చారనుకుని తలుపు సందులోంచే మాట్లాడాడు. కావలసింది వాళ్ల నాన్న మరణ ధ్రువపత్రమేనని తెలిశాక పొంగిపోయి మూడు కాపీలిచ్చాడు. మా తాతయ్య పోయాడని ఇంత సంతోషపడ్డవాళ్లను ఇప్పుడే చూస్తున్నానంది ఇంకొకరి మనవరాలు. కోడలు తల దించుకుంది గానీ అత్తగారు కాగితం సంచిలో పెట్టుకునే లేచారు. అన్నం పెడతారా, నా కాగితం కూడా అడుగుతారా అని ఇంట్లో కోడలి మొగుడి వేళాకోళం.

నెలన్నరలో ఆరు కాగితాలొచ్చాయి. ఏడో పిల్ల దగ్గర బండి ఆగింది. దళం రిజిస్టరులో ఆ పిల్లకు ఇంటిపేరు లేదు, చిరునామా లేదు. ‘గువ్వ’ అన్న ముద్దుపేరొక్కటే ఉంది. ఎక్కడో బతికే ఉందేమోనని కోడలు అంటే అత్తగారు వినిపించుకోలేదు. ధ్రువపత్రం దొరకనప్పుడు, ఆ మనిషిని ఎరిగిన ఇద్దరు పెద్దలు సంతకం చేస్తే చాలన్న నియమాన్ని ఆవిడే పుస్తకంలో వెతికి పట్టుకున్నారు. ఒక సంతకం ఆవిడది. రెండోది దళంలో ఒకప్పుడు డ్రమ్ము వాయించిన పెద్దాయనది. ఆయన కాగితం చదివి, అత్తగారి మొహం చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, సంతకం పెట్టాడు.

అధికారికి మాత్రం అనుమానం తీరలేదు.

“ఈ గువ్వ మీకు బాగా తెలుసా అండీ?”

“నాకంటే తెలిసినవాళ్లు లేరు.”

“ఎప్పుడు పోయింది?”

“పెళ్లయిన ఏడాదికే.”

“పాపం,” అని అధికారి ముద్ర కొట్టాడు.

ఏమైంది అత్తయ్యా ఆ పిల్లకి అని కోడలు బస్సులో అడిగింది. ఇంటిపని ఎక్కువైందని మాత్రం చెప్పి ఆవిడ కిటికీ వైపు తిరిగారు.

స్టాంపు విడుదల రోజు హాలు కిటకిటలాడింది. పేపర్లో వార్త చూసి అప్పటికే నలభై మంది పిల్లలు కొత్తగా దళంలో చేరారు. తెర మీద స్టాంపును గోడంత చేసి వేశారు. అధికారి మైకందుకుని, మన మధ్య లేని ఆ ఏడుగురి కోసం అందరూ లేచి ఒక్క నిమిషం మౌనం పాటించాలని కోరాడు.

కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. తలలన్నీ దిగాయి. పెళ్లయిన ఏడాదికే పోయిన గువ్వను తలచుకుని కోడలు కళ్లొత్తుకుంది. పక్కకు చూస్తే అత్తగారు కుర్చీలోనే హాయిగా కూర్చుని ఉన్నారు. లేవండి అత్తయ్యా, అందరూ చూస్తున్నారని సైగ చేసింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టి కిందికి లాగి, చెవిలో మెల్లగా అన్నారు.

“నా కోసం నేనే లేచి నిలబడితే ఏం బావుంటుందమ్మా.”