మేనేజరుగారి మతిమరుపు

"మళ్ళీ పోయింది బాబూ" అంటూ ఆవిడ గుడ్డసంచీని కౌంటరు మీద పెట్టి మొహం పక్కకి తిప్పుకుంది.

అక్వేరియం షాపతను సంచీలోంచి నల్లకవరు తీసి, ముడి విప్పి, లోపలికి చూశాడు. "అమ్మా, ఇది..."

"చెప్పకండి. ఎలా పోయిందో వింటే ఈ పూట నాకు ముద్ద దిగదు. ఇదే నీలంలో ఇంకొకటి ఇచ్చేయండి. ఆయన నిద్ర లేచేలోపు ఇంట్లో ఉండాలి."

అతను నిట్టూర్చి కవరుతో సహా తెర వెనక్కి వెళ్ళాడు.

ఆవిడ కర్టెన్లు కుడుతుంది. నోటితో రంగు చెబితే ఏ కొట్టువాడూ సరైన దారం ఇవ్వడని, గుడ్డముక్క పట్టుకెళ్ళాల్సిందేనని అనుభవం మీద తెలుసుకుంది. అందుకే చచ్చిన చేపనైనా సరే, గిన్నెతో నీళ్ళతో సహా తోడి, కళ్ళు సగం మూసుకుని కవర్లో పోసుకుని తెస్తుంది.

భర్త లిఫ్టు మెకానిక్. గుండె ఆపరేషనై ఇంట్లో ఉన్నాడు. "ఆయన్ని కంగారు పెట్టకండి. చెడ్డ కబురేదీ చెవిన పడనివ్వకండి" అని డాక్టరు ఆవిడకి గట్టిగా చెప్పాడు. నర్సుగా పనిచేసే కూతురు, నాన్నకి కాలక్షేపంగా ఉంటుందని ఓ గాజుతొట్టె, అందులోకి ఒక బెట్టా చేప తెచ్చిపెట్టింది. ఫైటరంటారు దాన్ని. ఇంకో చేపతో పడదు, ఒంటరిగానే ఉంటుంది.

"ఒక్కడికీ గదంతా కావాలి, పనేమో లేదు, పలకరిద్దామని వెళ్తే మొప్పలు విప్పుకుని మీదికొస్తాడు. అచ్చం మా మేనేజరే" అన్నాడు భర్త. ఆ పేరే ఖాయమైంది.

మేనేజరు వచ్చిన కొద్దిరోజులకే, ఓ మధ్యాహ్నం అద్దం తుడవబోతే తొట్టె అడుగున ఆకు మీద పక్కకి ఒరిగిపోయి కనిపించాడు. రంగు వెలిసిపోయింది. కదలడం లేదు. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనే మంచం మీద భర్త గురక పెడుతున్నాడు. అప్పుడు మొదలైంది షాపుకి పరుగు.

"ఏమోయ్, వీడి కథ మళ్ళీ మొదటికొచ్చింది" అనేవాడు భర్త, ఆవిడ చేపని మార్చిన ప్రతిసారీ. "నిన్న నా వేలు చూసి పైకొచ్చి మేత అందుకున్నాడు. ఇవాళ మొక్క వెనక నక్కాడు. ఒళ్ళంతా చారలు. కొత్తగా ఇంటికొచ్చిన రోజు ఇలాగే చేశాడు."

"వేడి చేసిందేమో" అందావిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నీళ్ళల్లో ఉండేవాడికి వేడేమిటి?"

"ఏమో, నాకేం తెలుసు."

"అది కాదు. కరెంటు పోయొచ్చిన లిఫ్టు ఏ అంతస్తులో ఉన్నదీ మర్చిపోయి, కిందికి దిగి మళ్ళీ మొదలెడుతుంది చూడు, వీడూ అంతే. కరెంటు ఎక్కడ పోతోందో పట్టుకోవాలి."

పట్టుకోవాలన్న పంతంతో మంచం దిగాడు. స్టూలేసుకుని తొట్టె ముందు కూర్చునేవాడు. వెలుతురు కళ్ళల్లో పడుతోందేమోనని తొట్టెని ఈ మూల నుంచి ఆ మూలకి మార్పించాడు. అద్దంలో తన నీడ చూసి బెదురుతున్నాడేమోనని వెనకవైపు కాగితం అంటించాడు. తన గుండె సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

ఓరోజు కేకేసి పిలిచాడు. "ఇలా రా. తోక చివర ఈ చిరుగు చూశావా? మొదటి రోజు నుంచీ ఉంది."

ఆవిడ వంగి చూసింది. నిజమే, చిరుగు సరిగ్గా అక్కడే ఉంది. షాపతను రంగే కాదు, చిరుగు కూడా సరిచూసి ఇస్తున్నాడన్నమాట. ఇంత శ్రద్ధగల వ్యాపారి ఈ రోజుల్లో ఎవరున్నారని ఆవిడ కళ్ళు చెమర్చాయి.

చెకప్‌కి వెళ్తే డాక్టరు రిపోర్టు తిరగేసి, "ఈయన గుండెకి ఏం చేశారమ్మా, ఇంత బాగుంది?" అన్నాడు.

"చేపండీ" అంది ఆవిడ. డాక్టరు కళ్ళజోడు సవరించుకుని రిపోర్టు మళ్ళీ మొదట్నించీ చూశాడు.

ఇంటికొచ్చేసరికి నీళ్ళ మీద చిన్నచిన్న బుడగలు గుంపుగా తేలుతున్నాయి. భర్త పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. "గూడు కట్టాడే. ఇల్లు నచ్చితేనే కడతారట వీళ్ళు. ఇంక మనవాడైపోయాడు. ఇప్పుడు గనక మళ్ళీ మర్చిపోయాడంటే, నేను తట్టుకోలేను."

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. భోజనం చేసి ఆయన అలా కునుకు తీశాడో లేదో, మేనేజరు ఆకు మీద ఒరిగిపోయాడు.

బయట వాన. గొడుగులో సగం తడుస్తూ షాపుకి చేరింది.

"గూడు కట్టుకున్నాక పోయాడు బాబూ" అని బావురుమంది.

"అమ్మా, ఈసారైనా నన్నొక్క మాట చెప్పనివ్వండి."

"వద్దు. మీకు దణ్ణం పెడతాను."

అతను తల గోక్కుంటూ తెర వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి తెల్లకవరుతో వచ్చాడు. అందులో నీలం చేప చురుగ్గా గింగిరాలు కొడుతోంది. "కవరు డబ్బులివ్వండి చాలు."

"ప్రతిసారీ ఇంతే తీసుకుంటారు. మీకు నష్టం రాదూ?"

"రాదమ్మా."

"మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి" అని దీవించి, ఆవిడ గుమ్మం దాటి మెట్టు మీద గొడుగు తెరుస్తుండగా, లోపల్నించి షాపతని భార్య గొంతు వినిపించింది.

"నీలం ఫైటర్లు మన దగ్గర అయిపోయి నెల దాటిందిగా. మరి ఆవిడకి ఏది ఇస్తున్నారు?"

"ఆవిడ తెచ్చిందే, నిద్రలేచాక."