గీత పడని ఉంగరం

దీవిలో గబ్బిలాల్లేవని లైట్‌హౌస్ కాపలాదారు పొద్దుటి నుంచి పోరుతూనే ఉన్నాడు. పరిశోధకురాలు వింటేనా! పాత గిడ్డంగి గుమ్మానికి వల కట్టి కూర్చుంది. చీకటి పడ్డ గంటకే వల ఊగింది.

బొటనవేలంత గబ్బిలం. ఈ దీవిలో ఇంతవరకు ఎవరూ నమోదు చేయని జాతి. సంతోషంతో ఆమె రెక్క విప్పి చూసింది. ఆ సంతోషం అక్కడితో ఆగిపోయింది.

రెక్కకి అప్పటికే ఒక అల్యూమినియం ఉంగరం ఉంది, పరిశోధకులు గుర్తు కోసం తొడిగేది. దాని మీద మాస్టారి నంబర్ల వరస. ఆమెకి ఈ పని నేర్పిన మాస్టారు ఏడేళ్ల కిందట ఈ దీవికే వచ్చారు. "ఇక్కడేమీ లేవు, ఎవరూ రావద్దు" అని ఒక్క ఉత్తరం రాశారు. మళ్లీ కనిపించలేదు. సముద్రం మింగేసిందనుకున్నారందరూ.

గబ్బిలాలు ఉంగరాన్ని కొరక్కుండా ఉండవు. రోజు తిరక్కుండానే పంటిగాట్లు పడతాయి. ఇది మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

"ఇది... ఇవాళ తొడిగిందే," అంది ఆమె.

వెనక నుంచున్న కాపలాదారు టార్చి ఆర్పేశాడు.

"చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా, విన్నావు కాదు. దాన్ని వదిలెయ్. ఒక్కటి తగ్గినా ఆయన ఊరుకోడు."